తెరకెక్కిన కామిక్ వీరులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కామిక్ పుస్తకాల సూపర్‌హీరోల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో చాలా భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. సినిమాలూ, టీవీ సీరియళ్లూ, ఎటు చూసినా వాళ్లే కనిపించడమూ ఆ పాత్రలకు మేలు చేశాయా, కీడు చేశాయా అన్నదే ఆ సందేహం. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఒక్కటిగా ఇచ్చాం.

ప్రశ్న: సూపర్‌హీరోల అసలు రూపాన్ని సినిమాలు చెడగొడుతున్నాయని అభిమానులు బాధపడటం తరచూ వింటుంటాను. ఆ అసలు రూపం అనేది నిజంగా ఎక్కడైనా ఉందా? – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: సూపర్‌మ్యాన్‌నే తీసుకుందాం. అతని అసలు రూపం కోసం వెనక్కి వెళితే 1938 జూన్ తేదీతో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక దగ్గరికి చేరుకుంటాం. జెర్రీ సీగెల్ రాసి, జో షుస్టర్ బొమ్మలు వేసిన ఆ కథలో సూపర్‌మ్యాన్ ఎగరలేడు. ఒక్క గెంతులో మైలులో ఎనిమిదో వంతు దూరం దాటగలడు, పరుగులో రైలును మించిపోగలడు, అంతవరకే. అతని శక్తిని హరించే క్రిప్టోనైట్ అనే రాయి ఊసు అందులో లేదు. పత్రికాఫీసులో పెర్రీ వైట్ అనే సంపాదకుడు గానీ, జిమ్మీ ఓల్సెన్ అనే కుర్రవాడు గానీ కనిపించరు. ఇవాళ సూపర్‌మ్యాన్ అనగానే అందరికీ గుర్తుకొచ్చే ఈ సరంజామాలో చాలా భాగం 1940 ఫిబ్రవరిలో మొదలైన రేడియో ధారావాహిక నుంచి వచ్చింది. పెర్రీ వైట్ రేడియోలో పుట్టాడు. జిమ్మీకి పేరు అక్కడే దక్కింది. క్రిప్టోనైట్ 1943లో రేడియోలో వినిపించగా, కామిక్ పుటల మీదికి రావడానికి దానికి 1949 దాకా పట్టింది. సూపర్‌మ్యాన్ ఎగరడం కూడా ముందుగా రేడియో శ్రోతల ఊహకే అందింది. 1941 నుంచి ఫ్లైషర్ స్టూడియో తీసిన రంగుల కార్టూన్ చిత్రాలు దాన్ని కళ్లకు కట్టినట్టు చూపాక, గెంతే సూపర్‌మ్యాన్ క్రమంగా మరుగున పడ్డాడు.

బ్యాట్‌మ్యాన్ ఇంటి పెద్ద నౌకరు ఆల్‌ఫ్రెడ్ కథ ఇంకా చిత్రమైనది. 1943లో కామిక్స్‌లో అడుగుపెట్టినప్పుడు అతను బొద్దుగా, మీసం లేకుండా, నవ్వు పుట్టించేలా ఉండేవాడు. అదే ఏడు థియేటర్లలో వారం వారం ప్రదర్శించిన చలనచిత్ర ధారావాహికలో విలియం ఆస్టిన్ అనే సన్నటి, మీసాల నటుడు ఆ వేషం కట్టాడు. దాంతో 1944లో కామిక్స్ రచయితలు ఆల్‌ఫ్రెడ్‌ను ఒక ఆరోగ్య విడిదికి పంపి, చిక్కిపోయిన ఒంటితో, కొత్త మీసంతో వెనక్కి తెచ్చారు. ఇవాళ మనం ఎరిగిన ఆల్‌ఫ్రెడ్ అతనే. బ్యాట్‌మ్యాన్ గుహ కూడా ఆ ధారావాహిక నుంచే వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత, 1992 నాటి యానిమేషన్ సీరియల్ కోసం పాల్ డీనీ, బ్రూస్ టిమ్ కల్పించిన హార్లీ క్విన్ అనే పాత్ర జనాన్ని అంతగా ఆకట్టుకున్నందువల్లే కామిక్స్‌లో శాశ్వతమైన చోటు సంపాదించుకుంది. అదే సీరియల్‌లో డీనీ రాసిన ఒక ఎపిసోడ్, అప్పటిదాకా మంచు తుపాకీ పట్టుకు తిరిగే చిల్లర దొంగగా ఉన్న మిస్టర్ ఫ్రీజ్‌ను, జబ్బుపడిన భార్యను బతికించుకోవడానికి తపించే దుఃఖితుడిగా మార్చింది. కాగితం మీద ముప్పై ఏళ్లకు పైగా ఎవరికీ తట్టని విషయం అది.

కాబట్టి తెర మార్చింది గనుక పాత్ర చెడింది అనే వాదనను నేను ఒప్పుకోలేను. నా బాధ వేరే చోట ఉంది. తెర మీద ఒక రూపం స్థిరపడ్డాక, కాగితం మీద దానికి భిన్నంగా ఆలోచించే స్వేచ్ఛ మిగిలిందా లేదా అన్నది నాకు ముఖ్యం. 1940లోనే సీగెల్ తన హీరో శక్తిని హరించే, అతను పుట్టిన గ్రహానికే చెందిన ఒక లోహం గురించి పెద్ద కథ రాశాడు. అందులో విలేకరి క్లార్క్ కెంటే సూపర్‌మ్యాన్ అని తోటి విలేకరి లోయిస్ లేన్‌కు తెలిసిపోతుంది. ఆ కథ అచ్చు కాలేదు. అప్పటికే వార్తాపత్రికల్లో, రేడియోలో, బొమ్మల దుకాణాల్లో అమ్ముడవుతున్న పాత్ర విషయంలో అంత పెద్ద మార్పుకు ఎవరూ సాహసించలేకపోయారనే నేను అనుకుంటాను. కన్నవాడికే ఆ స్వేచ్ఛ లేకుండా పోవడానికి రెండేళ్లు చాలాయి.

ప్రశ్న: ‘అతిపరిచయాదవజ్ఞ’ అంటారు పెద్దలు. మా తండ్రిగారికి బ్యాట్‌మ్యాన్ అంటే హాస్యపాత్ర, మా అబ్బాయికి చీకటి మనిషి. ఇంత తేడా ఎలా వచ్చింది? అతిగా కనిపించడం వల్ల ఆ పాత్రకు నష్టం జరిగిందా? – ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మీ తండ్రిగారి మనసులో ఉన్నది 1966 జనవరి 12న అమెరికాలో మొదలైన టీవీ సీరియల్ అయి ఉంటుంది. ఆడమ్ వెస్ట్ బ్యాట్‌మ్యాన్‌గా నటించిన ఆ సీరియల్ మొదట్లో వారానికి రెండు రాత్రులు ప్రసారమయ్యేది. 1968 మార్చిలో ముగిసేలోపు 120 ఎపిసోడ్లు వచ్చాయి. పిల్లలకు సాహసంగానూ, పెద్దలకు పరిహాసంగానూ ఒకేసారి అందేలా తీసిన ఆ కార్యక్రమం దేశాన్ని ఊపేసింది. ‘బ్యాట్‌మ్యాన్’ పత్రిక సగటు అమ్మకం ఒక్కసారిగా పెరిగి 1966లో 9 లక్షల ప్రతుల దగ్గరికి చేరింది. కామిక్స్ సంపాదకులు సహజంగానే టీవీ వైపు తిరిగారు. 1964లో కథలో చంపేసిన ఆల్‌ఫ్రెడ్ సీరియల్‌లో ఉన్నాడు కాబట్టి కాగితం మీద మళ్లీ బతికాడు. సీరియల్ నిర్మాతలకు ఒక కొత్త ఆడపాత్ర కావలసి వచ్చింది కాబట్టి 1967 జనవరి సంచికలో బార్బరా గోర్డన్ బ్యాట్‌గర్ల్‌గా పుట్టింది. కథల్లో సంభాషణలు కూడా టీవీ ధోరణిలోకి మారాయి.

సీరియల్ మోజు తీరిపోగానే ఆ పాఠకులూ వెళ్లిపోయారు. 1969 నాటికి అమ్మకం 4 లక్షల కంటే కిందికి, అంటే సీరియల్‌కు ముందున్న స్థాయి కంటే కూడా దిగువకు పడిపోయింది. అతిగా కనిపించడం వల్ల కలిగే నష్టానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. కొత్తగా వచ్చినవారు టీవీ కోసం వచ్చి, టీవీతోపాటే వెళ్లారు; పాతవారు పరిహాసం భరించలేక ముందే వెళ్లారు.

అయితే ఆ తర్వాత జరిగిందే నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన భాగం. బ్యాట్‌మ్యాన్ మీద బయటివాళ్ల చూపు తగ్గిపోయిన ఆ రోజుల్లో, సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పర్యవేక్షణలో, రచయిత డెన్నిస్ ఓనీల్, చిత్రకారుడు నీల్ ఆడమ్స్ 1970 జనవరి తేదీ గల ‘డిటెక్టివ్ కామిక్స్’ సంచికతో కొత్త దారి పట్టారు. బ్యాట్‌మ్యాన్ కుర్ర సహచరుడు రాబిన్‌ను అప్పటికే కళాశాల చదువుకు పంపేశారు. బ్యాట్‌మ్యాన్ మళ్లీ ఒంటరిగా, రాత్రిపూట తిరిగే మనిషి అయ్యాడు. సీరియల్‌లో కోతిచేష్టలు చేసిన శత్రువు జోకర్‌ను నాలుగేళ్ల పాటు పక్కన పెట్టి, 1973లో తిరిగి తెచ్చినప్పుడు అతన్ని మళ్లీ హంతకుడిగా నిలబెట్టారు. ఇవాళ మీ అబ్బాయి చూసే చీకటి బ్యాట్‌మ్యాన్‌కు పునాది పడింది ఆ నిశ్శబ్ద కాలంలోనే. ఫ్రాంక్ మిల్లర్ 1986, 1987లలో రాసిన ప్రసిద్ధ కథలు ఆ పునాది మీదే లేచాయి.

ఇటువంటిది మరికొన్ని చోట్లా జరిగింది. పుట్టుకతోనే శక్తులున్న మ్యూటెంట్ల బృందం ఎక్స్-మెన్ పేరిట వచ్చే పత్రిక 1970 నుంచి అయిదేళ్ల పాటు పాత కథలనే తిరిగి అచ్చువేసుకుంటూ గడిపింది. ఎవరికీ పెద్దగా పట్టని ఆ పత్రికను 1975లో కొత్త పాత్రలతో లేపి, క్రిస్ క్లేర్‌మాంట్ చేతికి ఇచ్చారు. ఆయన 1991 దాకా రాసి దాన్ని అమెరికా కామిక్స్‌లో అత్యధికంగా అమ్ముడయ్యే పత్రికగా మార్చారు. అమ్మకాలు లేక నీరసించిన డేర్‌డెవిల్ పత్రికలోకి 1979లో మిల్లర్ అనే యువ చిత్రకారుడు రాగలిగింది కూడా అక్కడ పోగొట్టుకోవడానికి ఏమీ లేనందువల్లే. ఎవరి కళ్లూ పడని ఒక మూల ఈ పాత్రలకు అవసరం. పొరపాట్లు చేయగలిగిన చోటు అది. తెర వచ్చి నలుమూలలా దీపాలు వెలిగించాక పోయేది ముందుగా ఆ మూలే.

ప్రశ్న: సినిమాలో ఒక మార్పు రాగానే కామిక్స్ కూడా అలాగే మారిపోతున్నాయి. మూలం నుంచి సినిమా రావాలి గానీ, సినిమా నుంచి మూలం రావడం ఏమిటి? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: మీ అసహనం న్యాయమైనదే. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన స్పైడర్‌మ్యాన్ సాలెదారాన్ని చిమ్మే పరికరాన్ని తానే తయారు చేసుకుంటాడు. చేతిలో డబ్బు లేని, తెలివైన హైస్కూలు కుర్రవాడు తన గదిలో కూర్చుని దాన్ని కనిపెట్టడంలోనే అతని స్వభావమంతా ఉంది. 2002 సినిమాలో దారం నేరుగా అతని మణికట్టు నుంచే వచ్చింది. రెండు గంటల కథలో అది అర్థం చేసుకోదగిన సౌలభ్యం. కానీ 2004లో కామిక్స్ కూడా ఆ మార్పునే స్వీకరించి, 2008 నాటికి దాన్ని వదిలేసి మళ్లీ పరికరం దగ్గరికే వచ్చాయి. ఆ మార్పును కోరింది కథ కాదు కాబట్టే అది నిలవలేదు.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టినది కమలా ఖాన్ విషయం. జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు అమ్మాయిగా 2013లో పరిచయమై, 2014లో సొంత పత్రిక సంపాదించుకున్న ఈ మిస్ మార్వెల్ కథలు రచయిత్రి జి. విల్లో విల్సన్ చేతిలో ఎంతో ఆప్యాయంగా రూపుదిద్దుకున్నాయి. ఆమె శక్తి తన శరీరాన్ని సాగదీసుకోవడం, పెంచుకోవడం. తన ఒంటి గురించి, తన రూపం గురించి సంకోచపడే వయసులో ఉన్న అమ్మాయికి ఆ శక్తి ఇవ్వడంలో ఒక ఆలోచన ఉంది. 2022 నాటి సీరియల్‌లో ఆ శక్తి స్థానంలో మెరిసే కాంతి స్ఫటికాలు వచ్చాయి. ఆమె మ్యూటెంట్ అనే సూచన కూడా చేశారు. 2023 మేలో ఆమెను కామిక్స్‌లో చంపారు, అది కూడా ఆమె సొంత పత్రికలో కాదు, స్పైడర్‌మ్యాన్ పత్రికలో. జూలైలో మ్యూటెంట్‌గా తిరిగి బతికించారు. నవంబరులో ఆ పాత్ర ఉన్న సినిమా విడుదలైంది. ఒక పాత్ర చావుబతుకులు సినిమా పంచాంగాన్ని అనుసరించి నడిచాయని పాఠకుడికి అనిపించాక, ఆ చావు పట్ల దుఃఖమూ ఉండదు, ఆ బతుకు పట్ల సంతోషమూ ఉండదు.

అయినా మార్గం ఎప్పుడూ ఒకే వైపు సాగదని కూడా చెప్పాలి. 1963 నుంచి తెల్లజాతి సైనికుడిగా ఉన్న నిక్ ఫ్యూరీని, 2002లో మొదలైన ‘ది అల్టిమేట్స్’ అనే వేరే వరుస కామిక్స్‌లో చిత్రకారుడు బ్రయన్ హిచ్ నటుడు శామ్యూల్ జాక్సన్ పోలికలతో గీశాడు. 2008లో ఆ నటుడే ఆ పాత్రలో తెర మీదికి వచ్చాడు. ఆ తర్వాత ప్రధాన వరుసలో పాత ఫ్యూరీకి అదే పోలికల కొడుకు ఉన్నాడని కథ అల్లవలసి వచ్చింది. మొదటి అడుగు ఊహ, రెండోది అదృష్టం, మూడోది మాత్రం సర్దుబాటు. మూడింటిలో ఆఖరిదే బలహీనంగా ఉండటం మీరు గమనించే ఉంటారు.

ప్రశ్న: సూపర్‌మ్యాన్ చనిపోయిన కథ 60 లక్షల ప్రతులు అమ్ముడైందని విన్నాను. అంతటి విజయం తర్వాత కామిక్స్ వ్యాపారం ఎందుకు కుప్పకూలింది? – బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఆ కథ పుట్టడానికి కూడా ఒక టీవీ సీరియలే కారణం. 1990లో క్లార్క్, లోయిస్‌ల నిశ్చితార్థం జరిగింది. ఆపై పెళ్లి కథకు రచయితలు సిద్ధమవుతున్నారు. అదే సమయంలో వాళ్లిద్దరి ప్రేమ మీద ఒక టీవీ సీరియల్ తయారవుతోంది. పెళ్లి తెర మీదా కాగితం మీదా ఒకేసారి జరగాలని పైనుంచి నిర్ణయం రావడంతో, ఏడాది కథాక్రమం ఒక్కసారిగా చేజారిపోయింది. ఆ ఖాళీని పూరించడానికి రచయితలు ఎంచుకున్నది హీరో మరణం. 1992 నవంబరులో ‘సూపర్‌మ్యాన్’ 75వ సంచిక వెలువడింది. దాన్ని నల్లటి సంచిలో పెట్టి, నల్ల చేతిపట్టీతో అమ్మారు. పత్రికలూ టీవీలూ నిజమైన మరణంలా వార్త రాశాయి. ఆగిన పెళ్లి చివరికి 1996 అక్టోబరులో రెండుచోట్లా జరిగింది.

ఆ 60 లక్షల్లో ఎన్నో ప్రతులను కొన్నవారు కథ కోసం కొనలేదు. మున్ముందు ధర పెరుగుతుందని దాచుకోవడానికి కొన్నారు. అంతకు ముందు ఏడాది ఎక్స్-మెన్ కొత్త వరుస మొదటి సంచిక వేర్వేరు ముఖచిత్రాలతో 80 లక్షలు దాటి అమ్ముడవడంలోనూ జరిగింది అదే. 1938 నాటి సంచికకు విలువ పెరిగింది అది దాదాపు ఎక్కడా మిగలకుండా చిరిగిపోయినందువల్ల. లక్షల ఇళ్లలో భద్రంగా ఉన్న దానికి ఆ విలువ ఎన్నటికీ రాదు. ఆ సంగతి తెలిసేసరికి కొనుగోలుదారులు తప్పుకున్నారు, వాళ్లనే నమ్ముకున్న దుకాణాలు వేలల్లో మూతపడ్డాయి, 1996 డిసెంబరులో ఎక్స్-మెన్, స్పైడర్‌మ్యాన్ పత్రికల ప్రచురణ సంస్థ మార్వెల్ దివాలా రక్షణ కోరింది. సూపర్‌మ్యాన్ మాత్రం 1993లోనే తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఏ హీరో చనిపోయినా పాఠకుడు ‘ఎప్పుడు తిరిగొస్తాడు’ అని మాత్రమే అడగడం అలవాటు చేసుకున్నాడు. డబ్బు నష్టం పూడింది. ఈ నష్టం మాత్రం ఇప్పటికీ పూడలేదని నా అభిప్రాయం.

ప్రశ్న: వూల్వరిన్ కథలు చదివేకొద్దీ ఆసక్తి పోతోంది. లోపం నాదా, కథలదా? – ఇంజనీరింగ్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీది కాదు. 1974లో హల్క్ పత్రికలో పరిచయమైన వూల్వరిన్ చాలాకాలం గతం తెలియని మనిషి. అతను ఎవరో, వయసెంతో, ఎక్కడివాడో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. ఆ తెలియకపోవడమే అతని ఆకర్షణ. పైగా అయిదడుగుల మూడంగుళాల పొట్టివాడు, చుట్టూ ఉన్న పొడగరుల మధ్య ఎప్పుడూ ఒంటికాలి మీద లేచేవాడు. 2000 సినిమాలో ఆరడుగుల రెండంగుళాల హ్యూ జాక్‌మన్ ఆ పాత్రను ఎంతో ప్రేమతో నటించి కోట్లమందికి దగ్గర చేశాడు, కానీ ఆ తర్వాత కాగితం మీద కూడా అతను పొడుగై, అందగాడయ్యాడు. సినిమావాళ్లు ఎలాగూ చెప్పేస్తారు కాబట్టి తామే ముందు చెప్పాలన్న ఆలోచనతో మార్వెల్ సంస్థ 2001లో అతని బాల్యాన్ని, అసలు పేరుతో సహా బయటపెట్టింది. 2005 నుంచి అతను ఎక్స్-మెన్‌లోనూ, అవెంజర్స్ అనే మరో హీరోల బృందంలోనూ ఒకేసారి సభ్యుడు, ఆపై సొంత పత్రికలు వేరే. ఒంటరివాడు అన్ని గుంపుల్లోనూ ఉంటే ఇంక ఒంటరితనం ఎక్కడిది?

2014లో అతన్ని చంపి 2018 దాకా కథల్లోకి తీసుకురాలేదు. ఆ విరామంలో అతని స్థానంలోకి వచ్చిన లారా అనే అమ్మాయి 2003లో ఒక యానిమేషన్ సీరియల్ కోసం పుట్టిన పాత్ర. 2015లో టామ్ టేలర్ రాసిన ఆమె కథలు దొరికితే చదవండి. మీ ఆసక్తి తిరిగి రావచ్చు. పాత వూల్వరిన్ నాలుగేళ్లు లేకపోవడం వల్లే ఆ కథలకు ఊపిరి ఆడింది.

ప్రశ్న: సినిమాలు వేల కోట్లు వసూలు చేస్తున్నాయి కదా, కామిక్స్ అమ్మకాలు కూడా అలాగే పెరిగాయా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఆ దామాషాలో ఏమాత్రం పెరగలేదు. ఇవాళ అమెరికాలో ఒక నెలవారీ సంచిక లక్ష ప్రతులు దాటితే గొప్పగా చెప్పుకుంటారు. సినిమా చూసి దుకాణానికి వెళ్లిన మనిషికి అక్కడ ఒకే హీరో పేరుతో నాలుగైదు పత్రికలు, ఎక్కడో మధ్యలో ఉన్న కథ కనిపిస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవారు ఉండరు. దీనికి భిన్నంగా, 2008లో ‘వాచ్‌మెన్’ సినిమా ట్రైలర్ వచ్చినప్పుడు ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడైంది, ఎందుకంటే ఆ కథకు ఒక మొదలూ ఒక ముగింపూ ఉన్నాయి, అది ఒక్క సంపుటిలో దొరుకుతుంది. కొత్త పాఠకులు కావాలనుకునే ప్రచురణకర్తలు సినిమాను అనుకరించడం మాని ఇటువంటి పుస్తకాలు మరిన్ని వేయాలి.

ప్రశ్న: ఒకప్పుడు మార్వెల్ సినిమా అంటే మొదటి రోజే వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో ఎవరూ అడగడం లేదు. ఇదీ అతి వల్లనేనా? – గృహిణి, విజయవాడ

జవాబు: చాలావరకు అంతే. 2008 నుంచి 2019 వరకు ఆ సంస్థ 23 సినిమాలు తీసింది. 2019 నాటి ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ప్రపంచమంతటా సుమారు 280 కోట్ల డాలర్లు రాబట్టింది. 2021 ఒక్క ఏడాదిలోనే నాలుగు సినిమాలు, అయిదు సీరియళ్లు విడుదల చేశారు. ఒక సినిమా అర్థం కావాలంటే రెండు సీరియళ్లు చూసి ఉండాలి అనే పరిస్థితి వచ్చాక, మీ ఇంట్లోవాళ్లు సినిమాకు వెళ్లే ముందు పరీక్షకు చదివినట్టు చదవాలి. 2023లో వచ్చిన ‘ది మార్వెల్స్’ దాదాపు 20 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. మార్వెల్ మాతృసంస్థ డిస్నీకి అప్పటి అధిపతి అయిన బాబ్ ఐగర్ సీరియళ్లు ఎక్కువై శ్రద్ధ పలుచబడిందని బహిరంగంగానే ఒప్పుకున్నారు. 2024లో ఏడాదికి రెండు సీరియళ్లు, రెండు, మహా అయితే మూడు సినిమాలకు పరిమితమవుతామని ప్రకటించారు. ఆ ఏడాది వాళ్లు విడుదల చేసిన ఒకే ఒక్క సినిమా 130 కోట్ల డాలర్లు దాటింది.

ప్రశ్న: మన పౌరాణిక పాత్రలు ఎన్ని సినిమాల్లో కనిపించినా చులకన కాలేదు. సూపర్‌హీరోలకే ఈ కష్టం ఎందుకు? – విశ్రాంత తెలుగు పండితుడు, రాజమహేంద్రవరం

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక తెలుగువారిలో చాలామందికి కృష్ణుడి ముఖం అంటే ఎన్.టి. రామారావు ముఖమే. నిక్ ఫ్యూరీకి జరిగినదీ ఇదే. కానీ ఆ ముఖం ఎంతగా నాటుకుపోయినా, మరో కవి మరో కృష్ణుడిని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బొమ్మ వేసేవారు, హరికథ చెప్పేవారు, కూచిపూడి ఆడేవారు ఎవరికి తోచిన కృష్ణుడిని వారు తెచ్చుకున్నారు. ఒక సినిమా దెబ్బతిన్నంత మాత్రాన కృష్ణుడు దెబ్బతినడు.

సూపర్‌మ్యాన్‌కు యజమాని ఉన్నాడు. అతని సినిమా, సీరియల్, పుస్తకం, బొమ్మ అన్నీ ఒకే సంస్థ చేతిలో ఉండటం వల్ల, ఒక రూపం బాగా అమ్ముడైతే మిగతా రూపాలన్నీ దానికి లోబడతాయి. అమెరికా చట్టం ప్రకారం 1938 నాటి తొలి కథ కాపీరైట్ 95 ఏళ్లు నిండి, 2034 జనవరి 1న అందరి సొత్తు అవుతుంది. బ్యాట్‌మ్యాన్ తొలి కథ మరుసటి ఏడాది. అప్పుడు గెంతే సూపర్‌మ్యాన్‌ను ఎవరైనా గీయవచ్చు. ఎగిరే సూపర్‌మ్యాన్ కోసం ఇంకా ఆగాలి. నాసిరకం పుస్తకాలు కుప్పలుగా వస్తాయన్న భయం చాలామందిలో ఉంది, అది నిజమే కావచ్చు. అయినా నేను ఆ రోజు కోసం ఆశగానే ఎదురు చూస్తున్నాను.

ప్రశ్న: పాత హీరోలనే ఎందుకు అరగదీస్తున్నారు? కొత్తవారిని ఎందుకు సృష్టించరు? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: సృష్టించినవారికి దక్కింది చాలా తక్కువ కాబట్టి. సీగెల్, షుస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. 1975లో, పెద్ద సినిమా తయారవుతున్న సమయంలో ప్రజల నిరసన వల్ల మాత్రమే ఏడాదికి 20,000 డాలర్ల పింఛనూ, తమ పేర్లు వేయించుకునే గౌరవమూ పొందారు. బ్యాట్‌మ్యాన్ సృష్టిలో సగం పాలున్న బిల్ ఫింగర్ పేరు అధికారికంగా 2015లో గానీ చేరలేదు, అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. ఈ చరిత్ర తెలిసిన ఏ రచయితైనా తన మంచి ఊహను పెద్ద సంస్థలకు ఇవ్వకుండా దాచుకుంటాడు. 1992లో ఏడుగురు పేరున్న చిత్రకారులు మార్వెల్‌ను వదిలి, సృష్టికర్తకే హక్కు ఉండే ఇమేజ్ కామిక్స్‌ను స్థాపించింది ఇందుకే. కొత్త పాత్రలు అటు వెళ్లాయి, పెద్ద సంస్థలకు పాతవాళ్లే మిగిలారు.

ప్రశ్న: మా పన్నెండేళ్ల బాబు సినిమాలన్నీ తెలుగు డబ్బింగులో చూశాడు. ఇప్పుడు కామిక్స్ చదవాలని అడుగుతున్నాడు. ఏవి కొనమంటారు? సినిమా రూపానికి అలవాటుపడ్డవాడికి అవి నచ్చుతాయా? – ఒక తల్లి, నెల్లూరు

జవాబు: నచ్చుతాయి, మొదటి పుస్తకం సినిమాను పోలినది కాకుండా చూడండి. గ్రాంట్ మారిసన్ రాసి ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేసిన ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ 12 సంచికల కథ. 2005లో మొదలై 2008లో ముగిసింది, సంపుటంగా దొరుకుతుంది. ఇంకేమీ చదవకపోయినా అర్థమవుతుంది. స్పైడర్‌మ్యాన్ ఇష్టమైతే లీ, డిట్కోల తొలి కథల సంపుటి తెప్పించండి. అరవై ఏళ్ల కిందటి బొమ్మలు మొదట కొత్తగా తోచినా, అద్దె కట్టలేక అవస్థపడే, స్పైడర్‌మ్యాన్‌గా మారే పీటర్ కుటుంబం వాడికి త్వరగానే దగ్గరవుతుంది. కమలా ఖాన్ తొలి సంపుటి అతని వయసుకు సరిగ్గా సరిపోతుంది, అది 2015లో వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి ఇచ్చే హ్యూగో పురస్కారం కూడా పొందింది. మిల్లర్ బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు ఎంత గొప్పవైనా వాటిలోని హింస, చీకటి వల్ల ఇంకో మూడు నాలుగేళ్లు ఆగడం మంచిది. ఇవన్నీ ఇంగ్లీషులోనే దొరుకుతాయి కాబట్టి తొలి పది పుటలు మీరు పక్కన కూర్చుని చదవండి. సినిమాలో ఇలా లేదే అని వాడు అడిగితే, తప్పు ఏదో ఒప్పు ఏదో తేల్చే తొందర పెట్టుకోకుండా, రెండింటిలో తనకు ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో వాడినే చెప్పమనండి.